ఎవరిని ఆపగలం? పేటెంట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ విశాఖ పారిశ్రామిక వాడల నుంచి, కాలేజీల నుంచి వచ్చినవే. చాలామంది ఉత్తరాల్లో ఒకే అపోహ కనిపించింది. పేటెంటు చేతికొస్తే ఆ సరుకు చేసి అమ్ముకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చినట్టేనని అనుకుంటున్నారు. పేటెంటు ఇచ్చేది ఇతరుల్ని ఆపే హక్కు మాత్రమే. మీ సరుకులో ఇంకొకరి పేటెంటు ఉన్న భాగం ఉంటే, మీ చేతిలో పేటెంటు పత్రం ఉన్నా వాళ్లు మిమ్మల్ని ఆపగలరు. కింద చెప్పిన ఫీజులన్నీ వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే కట్టాల్సినవి. పెద్ద కంపెనీలకు చాలా ఫీజులు ఐదు రెట్లు.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. రొయ్యల చెరువుల్లో తిరుగుతూ నీటికి గాలి అందించే ప్యాడిల్ వీల్ ఏరేటర్‌కు బేరింగు పోతే యంత్రం మొత్తాన్ని గట్టుకు లాక్కొచ్చి షాఫ్టు ఊడదీయాలి. మేం షాఫ్టును రెండు ముక్కలు చేసి మధ్యలో విడదీసే కప్లింగు పెట్టాం. ఇప్పుడు బేరింగును చెరువులోనే మార్చుకోవచ్చు. ఎనిమిది నెలల నుంచి రైతులకు అమ్ముతున్నాం. పక్క షెడ్డు వాళ్లు చూసి అదే చేస్తున్నారు. పేటెంటు తీసుకుని ఆపగలమా?

జవాబు: ఇప్పటికే అమ్మిన కప్లింగు విషయంలో ఆపలేరు. దరఖాస్తు తేదీకి ముందు బిల్లు రాసి ఒక్క యంత్రం అమ్మినా, రైతు చెరువు గట్టున నలుగురూ చూసేలా తిరిగినా, అది కొత్తదనం పోయిన వస్తువే. 'చేసింది మేమే కదా' అనే వాదన ఇక్కడ చెల్లదు. చట్టంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. వస్తువు స్వభావాన్ని బట్టి బహిరంగంగా పరీక్షించక తప్పదనుకుంటే, కేవలం పరీక్ష కోసమే నడిపితే, ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏరేటర్‌ను చెరువులో కాక ఇంకెక్కడ పరీక్షిస్తాం అన్న వాదన నిలబడేదే. కానీ మీరు డబ్బు తీసుకున్నారు. అక్కడితో అది పరీక్ష కాకుండా వ్యాపారమైపోయింది.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. అమ్మిన తర్వాత మీకు తెలిసిన లోపాలేమిటో రాసి చూసుకోండి. ఉప్పునీటి చెరువుల్లో ఇలాంటి విడి కప్లింగుకు సాధారణంగా రెండు చోట్ల ఇబ్బంది వస్తుంది. వణుకుకు బోల్టులు వదులవుతాయి. జాయింటులో ఉప్పు పేరుకుని కొన్ని నెలలకు విడదీయడానికి రాకుండా బిగుసుకుపోతుంది. దీనికి మీరు కనిపెట్టిన మందు ఏదైనా ఉండి, అది ఇంకా షెడ్డు గడప దాటకపోతే అదే మీ కొత్త ఆవిష్కరణ. ఎస్‌ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలు తీసేసి ఎస్‌ఎస్ 316 వేశాం అంటే సరిపోదు. ఉప్పునీటికి 316 మేలని ఆ పని తెలిసిన ఎవరికైనా తెలుసు కాబట్టి పరీక్షాధికారి ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు. జాయింటు ఆకారాన్ని మార్చి, తిరిగే బలమే దాన్ని బిగించేలా చేసి, విప్పేటప్పుడు ఎదురు తిప్పితే చాలు అన్నట్టు ఏర్పాటు చేశారనుకోండి, అప్పుడు మాట్లాడటానికి విషయం ఉంటుంది.

ముందు ఒక పూట వెతుకులాటకు కేటాయించండి. భారత పేటెంటు కార్యాలయం వాళ్ల ఇన్‌పాస్, ఆ తర్వాత గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంటు కార్యాలయం వాళ్ల ఎస్పాస్‌నెట్. వెతికే ఈ మూడు సైట్లూ ఉచితమే. 'ఏరేటర్' అని కొడితే వేలల్లో వస్తాయి, ఏదీ తేలదు. చేపల్లాంటివి పెంచే నీటిని బాగుచేసే ఏర్పాట్లకు, గాలి పంపేవాటితో సహా, అంతర్జాతీయ వర్గీకరణలో ఏ01కె 63/04 అనే గుర్తు ఉంది. ఆ గుర్తుతో పాటు షాఫ్టు, కప్లింగు అనే మాటలు కలిపి వెతకండి. తైవాన్, చైనా పాత పత్రాలను వదలొద్దు. ఈ యంత్రాలపై అక్కడ చాలా పని జరిగింది. గూగుల్‌లో అనువాదం ముతకగా ఉన్నా బొమ్మలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. మీరు చేసిందే 1990ల నాటి బొమ్మలో కనిపిస్తే అక్కడితో ఆపేయండి, డబ్బు మిగులుతుంది.

కనిపించకపోతే ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే పూర్తి దరఖాస్తుకు ముందే తేదీ దక్కించుకునే తాత్కాలిక దరఖాస్తు పెట్టండి. ఫారం 1, ఫారం 2, చిన్న పరిశ్రమ ఫీజు కోసం ఉద్యమ్ పత్రంతో ఫారం 28. ఫీజు 1,600 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ వాళ్లది చెన్నై కార్యాలయం. ఆన్‌లైన్ కాబట్టి వెళ్లక్కర్లేదు. అక్కడి నుంచి పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు ఉంటుంది. ఒక్క రోజు దాటినా ఆ దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క.

ప్రొవిజనల్ అంటే ఒక పేజీ రాసి పడేస్తే చాలని కొందరు సలహా ఇస్తారు. వినకండి. అందులో లేని విషయానికి ఆ తేదీ దక్కదు. విడదీసిన జాయింటు, బిగించిన జాయింటు, అడ్డుకోత, మూడు బొమ్మలైనా పెట్టండి. కొలతలు ఒకే అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి. బోల్టు బదులు పిన్ను, పిన్ను బదులు స్ప్రింగు క్లిప్పు వేస్తే ఎలా ఉంటుందో అవీ చెప్పండి. దరఖాస్తు వేసేదాకా ఎవరి చెరువులోనైనా పరీక్షించాల్సి వస్తే ముందే గోప్యత ఒప్పందం రాయించుకోండి, బిల్లు వేయకండి, పని అయ్యాక యంత్రం వెనక్కి తెచ్చుకోండి.

డిజైను రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోదా అని కూడా అడిగారు. అది కంటికి కనిపించే రూపానికే. పని చేసే తీరుకు వర్తించదు. పైగా అక్కడా అదే తిరకాసు, అమ్మేసిన రూపం కొత్తది కాదు.

ప్రశ్న: మా యంత్రానికి ఏజెంటు దరఖాస్తు తయారు చేసి పంపాడు. నలభై పేజీలుంది. సంతకం పెట్టేముందు నేను ఏం చూడాలి? (గాజువాక)

జవాబు: చివర ఉండే క్లెయిములు, అంటే మీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు చూడండి. మిగతా పేజీలన్నీ వాటికి ఆధారం మాత్రమే. కోర్టులో కొలిచేది క్లెయిమునే. అందులోనూ మొదటి క్లెయిము మీద అరగంట కూర్చోండి.

ఒక నమూనా చూద్దాం. 'రెండు హెచ్‌డీపీఈ ఫ్లోట్లు, రెండు హెచ్‌పీ మోటారు, ఎస్‌ఎస్ 304 షాఫ్టు, ఆ షాఫ్టుకు నాలుగు ప్యాడిల్ చక్రాలు, షాఫ్టు మధ్యలో నాలుగు బోల్టులతో బిగించిన కప్లింగు గల ఏరేటర్.' చదవడానికి ఎంతో వివరంగా ఉంది. వ్యాపారానికి మాత్రం పనికిరాదు. అతిక్రమణ అని నిరూపించాలంటే ఎదుటివాడి యంత్రంలో క్లెయిములో చెప్పిన ప్రతి అంశమూ ఉండాలి. వాడు మూడు చక్రాలు వేశాడు, తప్పించుకున్నాడు. ఒక హెచ్‌పీ మోటారు పెట్టాడు, తప్పించుకున్నాడు. మాటలు పెరిగేకొద్దీ హక్కు కుంచించుకుపోతుంది.

ఇప్పుడు ఇది చూడండి: 'నీటిపై తేలే ఆధారం, దానిపై తిరిగే షాఫ్టు, ఆ షాఫ్టుకు కనీసం ఒక ప్యాడిల్ చక్రం గల ఏరేటర్‌లో, షాఫ్టు కనీసం రెండు భాగాలుగా ఉండి, ఆధారం నుంచి బేరింగును తీయకుండానే ఆ భాగాలను విడదీయగల జాయింటు ఉండుట, ఆ జాయింటు షాఫ్టు తిరిగే దిశలో తనంతట తాను బిగుసుకొనుట.' చక్రాల లెక్క లేదు, లోహం పేరు లేదు, మోటారు బలం లేదు. మీరు నిజంగా కనిపెట్టింది మాత్రమే ఉంది. లోహం, బోల్టులు, కొలతలు రెండో క్లెయిము నుంచి ఒక్కొక్కటిగా కిందికి దిగాలి. మొదటిది మరీ వెడల్పని పరీక్షాధికారి కొట్టేస్తే, వెనక్కి తగ్గి నిలబడటానికి ఆ మెట్లే దిక్కు. దాఖలు చేశాక క్లెయిమును కుదించుకోవచ్చు గానీ, అసలు దరఖాస్తులో లేని కొత్త విషయం చేర్చడానికి వీల్లేదు.

ఏజెంటుకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: 'నేనే నా పోటీదారుణ్ణయితే ఈ మొదటి క్లెయిము తప్పించుకుని ఈ యంత్రం ఎలా చేస్తాను?' పది నిమిషాల్లో మీకే ఒక ఉపాయం తట్టిందంటే, ఆ ఉపాయాన్ని కూడా కప్పేలా క్లెయిము తిరగరాయించండి. మంచి ఏజెంటు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. విసుక్కుంటే వేరొకరిని చూసుకోవడమే మంచిది.

డబ్బు లెక్క కూడా చెప్పమన్నారు. 1,600 రూపాయల ఫీజు 30 పేజీలకు, 10 క్లెయిములకు. మీది నలభై పేజీలు కాబట్టి అదనపు పేజీకి 160 చొప్పున మరో 1,600 పడుతుంది. 10 దాటిన ప్రతి క్లెయిముకు 320. పరీక్ష కోరడానికి ఫారం 18 వేరుగా వేయాలి, 4,000. ఇది దానంతట అదే జరగదు. 2024 మార్చి సవరణ తర్వాత దీని గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత గడువు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, జాగ్రత్త. తొందరగా కావాలంటే ఫారం 9తో ముందస్తు ప్రచురణ, 2,500. ఫారం 18ఏతో త్వరిత పరీక్ష, 8,000. పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకు ఆరు నెలలు ఇస్తారు, అడిగితే మరో మూడు. పేటెంటు వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కించిన మూడో ఏడాది మొదలు, ఏడాదికింత నిర్వహణ రుసుము కట్టాలి. ఆరో ఏడు దాకా ఏడాదికి 800, పదో ఏడు దాకా 2,400, పదిహేనో ఏడు దాకా 4,800, ఇరవయ్యో ఏడు దాకా 8,000. ఇరవై ఏళ్లూ నిలబెడితే మొత్తం 76,800. ఏజెంటు ఫీజు దీనికి వేరు, సాధారణంగా అదే పెద్ద ఖర్చు.

ప్రశ్న: మెడ్‌టెక్ జోన్‌లో మాది చిన్న స్టార్టప్. పరికరం, దానిలో వాడి పారేసే సెన్సరు స్ట్రిప్పు రెండూ మావే. పెట్టుబడి పెట్టేవారు 'మీకెన్ని పేటెంట్లు?' అని అడుగుతున్నారు. రెండు వారాల్లో డెమో ఉంది. ఎన్ని వేయాలి?

జవాబు: డెమోకు ముందు ఒకటి వేయండి. ఎన్ని అన్నది తర్వాతి మాట. డెమో హాల్లో గోప్యత ఒప్పందం లేకుండా స్లైడ్లు చూపిస్తే, యూరప్‌లో మీ హక్కు ఆ సాయంత్రమే పోయినట్టు. అక్కడ మన దేశంలో ఉన్నంత వెసులుబాటు కూడా లేదు.

మొదటిది దేని మీద వేయాలో డబ్బు ఎటు నుంచి వస్తుందో చూసి తేల్చుకోండి. పరికరాన్ని ఆసుపత్రి ఒకసారి కొంటుంది. స్ట్రిప్పు రోజూ కొంటుంది. కాబట్టి స్ట్రిప్పు నిర్మాణం, అది పరికరంలో అమరే చోటు, ఈ రెండింటినీ క్లెయిము చేయాలి. పరికరానికి మాత్రమే పేటెంటు ఉండి స్ట్రిప్పుకు లేకపోతే, మీ పరికరంలో సరిపోయే స్ట్రిప్పును చవగ్గా చేసి అమ్మేవాణ్ణి ఆపడం కష్టం. అసలు లాభమంతా వాడిదే అవుతుంది. అందంగా ఫ్రేము కట్టి గోడకు తగిలించిన ఐదు పేటెంట్ల కన్నా ఆదాయం వచ్చే చోట పడిన ఒక్క క్లెయిము మేలు.

అనుభవమున్న పెట్టుబడిదారు పత్రాల సంఖ్య దగ్గర ఆగడు, యాజమాన్యం గొలుసు చూస్తాడు. స్ట్రిప్పు రూపకల్పనలో బయటి డిజైనరు చేయి ఉందా? అతడికి డబ్బులిచ్చేసినంత మాత్రాన హక్కు మీకు రాదు. ఆవిష్కర్త నుంచి కంపెనీకి రాతపూర్వక బదిలీ ఉండాలి. జీతగాడైన ఇంజినీరు విషయంలోనూ అంతే. ఉద్యోగి కనిపెట్టింది యజమానిదేనని మన పేటెంటు చట్టంలో నేరుగా ఎక్కడా రాసిలేదు. నియామక పత్రంలో ఆ నిబంధన ఉందో లేదో ఈ రోజే తీసి చూడండి. లేకపోతే ఫారం 1 మీద ఆవిష్కర్తల సంతకాలైనా తీసుకోండి. ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయాక ఆ సంతకం కోసం తిరగడం నరకం.

విదేశాల సంగతి. ఇక్కడ వేసిన తేదీ నుంచి 12 నెలల్లో పీసీటీ దరఖాస్తు (పలు దేశాలకు కలిపి ఒకటే వేసేది) వేస్తే, ఏ దేశంలో కొనసాగాలో నిర్ణయించుకోవడానికి మొదటి తేదీ నుంచి మొత్తం 30 నెలలు దొరుకుతాయి. కొన్ని చోట్ల 31. ఆ వ్యవధే మీరు నిజంగా కొనుక్కునేది. ఈలోగా పరికరం అమ్ముడవుతుందో లేదో తేలిపోతుంది. 'అంతర్జాతీయ పేటెంటు' అనేది మాత్రం లేదు, ఏ దేశానికి ఆ దేశమే. ఒక హెచ్చరిక: భారత్‌లో ఉండేవారు నేరుగా విదేశంలో దరఖాస్తు వేయాలంటే ఇక్కడ వేసి ఆరు వారాలైనా గడవాలి, లేదా ముందస్తు అనుమతైనా ఉండాలి. సెక్షన్ 39 అది. అతిక్రమిస్తే ఇక్కడి హక్కు పోవడమే కాక జైలు శిక్ష దాకా ఉంది.

ఇక మీ సొంత పేటెంట్లకు సంబంధం లేని పని ఒకటుంది. అమ్మబోయే దేశంలో మీ పరికరంలోని పంపు, వాల్వు, అల్గారిథం ఎవరి పేటెంటులోనైనా పడుతున్నాయా అన్న పరిశీలన. దీన్ని ఉత్పత్తి మొదలయ్యాక కాకుండా అచ్చుల కోసం ఆర్డరిచ్చే ముందే చేయించండి. అచ్చు కోయించాక మార్పంటే లక్షలు.

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలోని ఒక యూనిట్‌లో ప్రాసెస్ డెవలప్‌మెంట్ చూస్తాను. ఒక ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశ రసాయనం) తయారీలో సాల్వెంటు (ద్రావకం) మార్చి, చల్లార్చే వేగం తగ్గించి దిగుబడి బాగా పెంచాం. పేటెంటు వేయాలా, గుట్టుగా ఉంచాలా?

జవాబు: మన ప్రాంతపు మందుల పరిశ్రమ ఎదిగిందే ఈ ప్రశ్న మీద. 1970 చట్టం మందులకు వస్తువు పేటెంటు ఇవ్వలేదు, తయారీ విధానానికి మాత్రమే ఇచ్చింది. 2005 దాకా అంతే. వేరే దారిలో అదే మందు చేయగలిగినవాడిదే రాజ్యం. ఇప్పుడు వస్తువుకూ పేటెంటు ఉంది గానీ, విధానాన్ని దాచాలా చెప్పాలా అన్న తర్జనభర్జన అలాగే ఉంది.

మొదట చూడాల్సింది: పోటీదారు మీ పద్ధతి వాడితే మీకు తెలిసే దారి ఉందా? అమ్మిన సరుకులో జాడ దొరుకుతుందా? కొత్త సాల్వెంటు అవశేషం, ఒక ప్రత్యేక మలినం, స్ఫటికాల పరిమాణంలో తేడా, వీటిలో ఏదైనా విశ్లేషణలో కనిపిస్తే పేటెంటుకు విలువ ఉంది. ఏ జాడా లేకపోతే, మీరు పద్ధతంతా లోకానికి చెప్పేసి, ఎవరు వాడుతున్నారో తెలియక కూర్చుంటారు. దరఖాస్తు 18 నెలలకు ప్రచురితమవుతుంది, ఎక్కడి పోటీదారైనా చదువుకోవచ్చు. మీకు భారత్‌లో మాత్రమే హక్కు ఉంటే, చైనాలో ఆ పద్ధతి వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విధానం పేటెంటు కేసుల్లో 'నేను వేరేలా చేస్తున్నాను' అని రుజువు చేసే భారం ఎదుటివాడి మీదకు నెట్టే వీలు సెక్షన్ 104ఏలో ఉంది. కానీ పాత మందుకు పాత ఇంటర్మీడియట్ అయితే ఆ భారం నెట్టడం తేలిక కాదు.

రెండోది, మీ పద్ధతిని ఎదుటివాళ్లు స్వయంగా ఎంత త్వరగా కనిపెట్టగలరు? సాల్వెంటు మార్పు లాంటివి ఏదో ఒక రోజు ఎవరికైనా తడతాయి. చల్లార్చే వేగంలోని ఏ డిగ్రీల దగ్గర ఎంతసేపు ఆపాలన్న సంగతి అంత తేలిగ్గా తట్టదు. చాలా యూనిట్లు చేసేది, మేం సరైనదనుకునేది ఇదే: బయటపడేదాన్ని పేటెంటు చేసి, బయటపడనిదాన్ని దాచడం. అయితే దరఖాస్తులో మీకు తెలిసిన ఉత్తమ పద్ధతిని చెప్పి తీరాలని చట్టం అంటుంది. క్లెయిము చేసిన దశకు సంబంధించిన కీలకాన్ని దాచిపెడితే పేటెంటు రద్దుకు అదే కారణమవుతుంది. కాబట్టి రెండూ నిజంగా వేర్వేరు దశలై ఉండాలి.

'రెండేళ్లు గుట్టుగా వాడి, అప్పుడు చూద్దాం' అనేది మాత్రం కుదరదు. దరఖాస్తు తేదీకి ముందు దేశంలో రహస్యంగా వాడటం కూడా రద్దుకు కారణమే, సెక్షన్ 64లో స్పష్టంగా ఉంది. పరీక్షా బ్యాచ్‌లకు మినహాయింపు ఉంది, అమ్మకానికి చేసిన బ్యాచ్‌లకు లేదు. తమాషా ఏమిటంటే ఇదే నిబంధన రేపు మీకు రక్షణ కూడా. మీరు దాచుకున్న పద్ధతికే తర్వాత ఎవరైనా పేటెంటు తీసుకుంటే, తేదీలున్న మీ బ్యాచ్ రికార్డులు వాళ్ల పేటెంటును పడగొట్టడానికి ఆయుధం.

గుట్టు అంటే బీరువాకు తాళం అనుకునేవాళ్లే ఎక్కువ. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందాల మీదే కోర్టుకు వెళ్లాలి. రహస్యంగా ఉంచడానికి మీరేం చేశారో చూపించలేకపోతే కోర్టు వినదు. ముడి పదార్థాలకు సంకేతాలు వాడటం, షిఫ్టు ఆపరేటరు చేతికి తన దశ షీటు మాత్రమే ఇవ్వడం, ఎవరు ఎప్పుడు ఏ పత్రం తీశారో నమోదు చేయడం, వెళ్లిపోయే ఉద్యోగితో చివరి రోజు రాతపూర్వకంగా గుర్తు చేయించడం. వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

ప్రశ్న: హార్బరులో చేపల వేలం కోసం మొబైల్ యాప్ తయారు చేశాం. పేటెంటు వస్తుందా? (రుషికొండ)

జవాబు: వేలం పద్ధతికి రాదు. వ్యాపార పద్ధతులకు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు సెక్షన్ 3(కె) అడ్డం. ప్రోగ్రాము వల్ల ఏదైనా సాంకేతిక సమస్య తీరితే వేరు. సిగ్నలు సరిగా అందని సముద్రంలో పడవ నుంచి తూకం, ఫొటో అతి తక్కువ డేటాతో పంపే కొత్త పద్ధతి ఉందనుకోండి, ఆ భాగం మీద ప్రయత్నించవచ్చు. 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది అదే, సాంకేతిక ప్రభావం ఉందా లేదా చూడమని. కోడ్‌కు కాపీరైటు ఎలాగూ ఉంది. యాప్ పేరుకు ట్రేడ్‌మార్కు ముందు వేయండి, మీ వ్యాపారానికి అదే ఎక్కువ అవసరం.

ప్రశ్న: మా అమ్మమ్మ నాటి నల్లకారం, దానిలో నేను కలిపిన రెండు కొత్త దినుసులు. ఎవరూ కాపీ కొట్టకుండా పేటెంటు? (సీతమ్మధార)

జవాబు: అమ్మమ్మ నాటిది సంప్రదాయ జ్ఞానం, సెక్షన్ 3(పి) కింద పోతుంది. దినుసుల గుణాలు కలిసి వచ్చే ఉత్త మిశ్రమం 3(ఇ) కింద పోతుంది. పొడి గడ్డకట్టకుండా ఏడాది నిలవ ఉంచే కొత్త తయారీ పద్ధతి ఏదైనా ఉంటే తప్ప పేటెంటు ఆలోచన మానేయండి. పేరు, లేబులు రిజిస్టరు చేయించుకుని, పాళ్లు వంటింట్లోనే ఉంచుకోండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టును మా గైడుతో కలిసి సదస్సులో పేపరుగా చదివాం. ఇప్పుడు పేటెంటు వేయొచ్చా? హక్కు ఎవరిది?

జవాబు: విద్వత్ సంఘం ముందు చదివిన పేపరైతే 12 నెలల్లోపు భారత్‌లో వేయొచ్చు. ఆ వెసులుబాటు కోరుతూ ఫారం 31 జతచేయాలి. ఈ ఫారం 2024 నుంచి వచ్చింది. అయితే ఏ కాలేజీ సదస్సైనా ఈ కోవలోకి వస్తుందనుకోవద్దు, వెబ్‌సైట్‌లో ముందే పెట్టేసిన పేపరుకు ఇది గట్టిగా వర్తిస్తుందని భరోసా పడొద్దు. హక్కు విషయంలో ముందు మీ కాలేజీ మేధోసంపత్తి విధానం చదవండి. ప్రవేశం నాడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో అది ఉండొచ్చు.

ఉమ్మడిగా వేద్దామని సర్దుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. సెక్షన్ 50 ప్రకారం ఉమ్మడి యజమానులు ఎవరికి వారు ఆ పేటెంటును వాడుకుని సంపాదించుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పక్కర్లేదు. కానీ ఇంకొకరికి లైసెన్సు ఇవ్వాలన్నా, తన వాటా అమ్మాలన్నా మిగతావారి సమ్మతి కావాలి. కాలేజీ ఫ్యాక్టరీ పెట్టదు, మీరూ పెట్టలేరు. లైసెన్సుకు ఒకరు సంతకం పెట్టకపోతే పేటెంటు మూలన పడి ఉంటుంది. సమ్మతి ఎవరు ఇవ్వాలి, రాబడి ఏ నిష్పత్తిలో, నిర్వహణ రుసుము ఎవరు కట్టాలి, ఈ మూడూ దరఖాస్తు ముందే రాసుకోండి.

ప్రశ్న: రొయ్యల గ్రేడింగు యంత్రాలు చేస్తాం. వేరే రాష్ట్రపు కంపెనీ లాయరు నోటీసు పంపాడు. మా యంత్రం వాళ్ల పేటెంటును అతిక్రమిస్తోందట, 15 రోజుల్లో ఆపి నష్టపరిహారం కట్టాలట. కట్టి వదిలించుకోవాలా? (అచ్యుతాపురం)

జవాబు: జవాబు రాయకుండా ఉండొద్దు, భయపడి కట్టొద్దు, ఫోన్లో మాట్లాడొద్దు. ఫోన్లో 'చూసి చేశాం' అని నోరు జారితే అది తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

నోటీసులో నంబరు ఉందా చూడండి. ఉంటే అది దరఖాస్తు నంబరా, మంజూరైన పేటెంటు నంబరా? దరఖాస్తు మాత్రమే అయితే వాళ్లు ఇంకా దావా వేయలేరు. మంజూరయ్యాక ప్రచురణ తేదీ నుంచి నష్టం అడగొచ్చు గానీ, దావాకు మంజూరు కావాల్సిందే. మంజూరైనదైతే ఇన్‌పాస్‌లోని ఈ-రిజిస్టరు తెరిచి నిర్వహణ రుసుములు కట్టారో లేదో చూడండి. రుసుము ఆగి చనిపోయిన పేటెంట్లతో నోటీసులు పంపేవాళ్లూ ఉంటారు. ఆగిపోయిన పేటెంటును 18 నెలల్లోపు పునరుద్ధరించుకునే వీలుంది. ఆ మధ్యకాలంలో మీరు మొదలుపెట్టి ఉంటే మీకు కొంత రక్షణ ఉంది. పేటెంటు అమెరికాదో, చైనాదో అయి భారత్‌లో లేకపోతే ఇక్కడ మీ తయారీకి అడ్డే లేదు. ఆ దేశానికి ఎగుమతి చేస్తేనే చిక్కు.

ఇక్కడే బతికున్న పేటెంటు అని తేలితే, మంజూరైన క్లెయిములు దించుకోండి. మొదట ప్రచురించినవి కాదు, చివరకు మంజూరైనవి. తెల్లకాగితం మీద మధ్యలో గీత గీసి, మొదటి క్లెయిములోని ఒక్కో అంశం ఎడమ వైపు, మీ యంత్రంలో దానికి సరిపోయే భాగం కుడి వైపు రాయండి. ఉదాహరణకు వాళ్ల క్లెయిములో 'ఒకదానికొకటి ఎదురుగా తిరిగే, మధ్య సందు క్రమంగా పెరిగే రోలర్లు, రోలర్ల కింద కంపించే తొట్టె' ఉందనుకుందాం. మీ రోలర్లు అచ్చం అలాగే ఉన్నా కింద కంపన తొట్టె లేకుండా నీటి ధారతో దించుతున్నారా? అక్కడ ఖాళీ వచ్చింది. ఒక్క గడి నిజంగా ఖాళీ ఉంటే మీ స్థితి బలంగా ఉన్నట్టే. దానికి సమానమైన పనే మీ ధార చేస్తోందని వాళ్లు వాదిస్తారు. దానికి మీ లాయరు సిద్ధంగా ఉండాలి.

అన్ని గడులూ నిండిపోతే, వాళ్ల దరఖాస్తు తేదీకి ముందు అలాంటి యంత్రం ఎక్కడైనా ఉందా అని తవ్వండి. పాత కేటలాగు, ప్రదర్శన వీడియో, మీ పాత బిల్లు, ఏదైనా ఒక ప్లాంటులో ఇంకా తిరుగుతున్న పాత యంత్రం, తేదీ రుజువున్నది ఏదైనా పనికొస్తుంది. మంజూరు ప్రచురితమై ఏడాది కాకపోతే పేటెంటు కార్యాలయంలోనే వ్యతిరేకత దాఖలు చేయొచ్చు, కోర్టు కన్నా చవక. ఏడాది దాటితే హైకోర్టులో రద్దు కోరాలి. వాళ్లు జిల్లా స్థాయి కోర్టులో దావా వేసి, మీరు రద్దు కోరుతూ ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకే పోతుంది. ఆధారం లేకుండా బెదిరించినట్టయితే సెక్షన్ 106 కింద మీరే కోర్టుకు వెళ్లి, బెదిరింపు ఆపమని, నష్టం ఇప్పించమని అడగొచ్చు. అయితే 'మాకు ఫలానా పేటెంటు ఉంది' అని చెప్పడం మాత్రమే బెదిరింపు కిందికి రాదు.

రెండు వైపులా తలుచుకోవాల్సిన విషయం కాలం. ఒక ఇంజనులో రెండు స్పార్క్ ప్లగ్గుల మీద బజాజ్, టీవీఎస్‌ల గొడవ 2007లో మొదలై, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2019లో రాజీతో ముగిసింది. ఇరవై ఏళ్ల హక్కులో పన్నెండేళ్లు వ్యాజ్యానికే సరిపోయాయి. వాళ్లంత పెద్ద కంపెనీలు మోయగలిగాయి. మీ పరిమాణంలో ఇద్దరికీ మేలైంది సాధారణంగా లైసెన్సు. యంత్రానికింత అని, ఫలానా రాష్ట్రాల్లో అని, మూడేళ్లకని రాసుకుని రిజిస్టరు చేయించుకోవడం. గడుల కాగితం మీద మీకు రెండు ఖాళీలు కనిపిస్తే ఆ రేటు మాట్లాడే బలం మీ వైపుంటుంది. ఏమీ కనిపించకపోతే, కొత్త ఆర్డర్లకు నీటి ధార డిజైనుకు మారడానికి ఎంత ఖర్చో మీ షాపు ఫ్లోరు సూపర్‌వైజరుతో ముందే లెక్క వేయించండి. లైసెన్సుకు మీరివ్వగల గరిష్ఠ రేటు అంతకు మించకూడదు. 15 రోజుల గడువు లాయరు పెట్టిందే గానీ చట్టం పెట్టింది కాదు. 'నోటీసు అందింది, పరిశీలిస్తున్నాం, మంజూరైన క్లెయిములతో మా యంత్రం ఎక్కడ సరిపోలుతోందో అంశాలవారీగా పంపండి' అని మూడు వాక్యాల జవాబు స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు ఫైల్లో పెట్టుకోండి.